కోడెల జట్టు కట్టుకున్న గోడ

బొంతలవలస అన్నదమ్ములు నలుగురికీ తమ తెలివి మీద ఉన్నంత నమ్మకం రేపు తెల్లవారుతుందన్న దాని మీద కూడా లేదు. పెద్దవాడు బంగారయ్య. వాడి వెనక సన్నాసయ్య, పైడిరాజు, అందరికన్నా చిన్నవాడు చిట్టినాయుడు.

"మనకి ఒకపాలి చెప్తే చాలు. రెండోపాలి చెప్పించుకున్నామంటే తెలివితక్కువోళ్ళ కింద లెక్క" అనేవాడు బంగారయ్య. తమ్ముళ్ళు తలలూపేవాళ్ళు. ఆ తలల్లో అడ్డొచ్చే సరుకేమీ లేదు గనక బాగానే ఊగేవి.

ఒళ్ళు మాత్రం దేవుడు ధారాళంగా ఇచ్చాడు. ఇసకలో కూరుకుపోయిన లారీని నలుగురే తోసి రోడ్డెక్కించారని విని భూషణరావు పరుగున వచ్చాడు. ఆయన కోడెల జట్టుకి కోచ్. లీగులో ఆడే కబడ్డీ జట్టు అది. అందులో గవరయ్య అనే రైడర్ ఉన్నాడు. అవతలి కోర్టులోకి ఒంటరిగా దూకి, ఇద్దరు ముగ్గుర్ని ముట్టుకుని, నవ్వుతూ తిరిగొచ్చే రకం. కానీ అవతలివాడు మనవైపు వస్తే పట్టుకునే నాథుడే లేడు. పోయిన సీజన్లో ఉన్న డిఫెండర్లు వచ్చినవాడికి దారిచ్చి, పోయేవాడికి దండం పెట్టి పంపారు.

యజమాని జోగారావు గారు విసిగిపోయాడు. "కొత్తవాళ్ళని పెట్టుకో భూషణం. మొదటి మ్యాచ్ ఓడామా, జట్టుని వేరేవాళ్ళకి అప్పగించేస్తాను. నువ్వు ఇంటికి పోవచ్చు" అన్నాడు. మోకాలు విరిగి ఆట మానేసిన భూషణరావుకి ఆ జట్టే లోకం. అది పోతే పొద్దున్నే లేచి ఎక్కడికి పోవాలో కూడా ఆయనకి తెలీదు. అందుకే ఆ నలుగుర్నీ చూసి, పాపం, గోడ దొరికిందని పొంగిపోయాడు.

మొదటిరోజు పాఠం చిన్నది. "రైడర్ని చుట్టుముట్టాలంటే పక్కవాడి చెయ్యి గట్టిగా పట్టుకోవాలి. ఏమైనా సరే వదలొద్దు" అన్నాడు కోచ్. ఇంకేముంది, పట్టుకున్నారు. కాసేపయ్యాక ఆయన, "ఇక టిఫిన్ చెయ్యండి" అని వెళ్ళిపోయాడు. చెయ్యి వదలమని మాత్రం అనలేదు.

అంతే, నలుగురూ దండలా మెస్సుకి వెళ్ళారు. చివర ఉన్న బంగారయ్యకీ, చిట్టినాయుడికీ చెరో చెయ్యి ఖాళీ. మధ్య ఇద్దరికీ అదీ లేదు. వాళ్ళు నోళ్ళు తెరుచుకుని కూచుంటే వీళ్ళిద్దరూ ఇడ్లీలు కుక్కారు. సాంబారు సగం సన్నాసయ్య చెవిలోకి పోయింది.

"ఉప్పు తక్కువైనాదిరా" అన్నాడు సన్నాసయ్య.

"చెవికేటి తెలుస్తాది ఉప్పు సంగతి? నోటితో తిను" అన్నాడు చిట్టినాయుడు.

టిఫినయ్యాక జట్టంతా బస్సెక్కింది. ముగ్గురు లోపలికి దూరారు. చిట్టినాయుడు ఇంకా కిందే ఉండగా బస్సు కదిలింది. చెయ్యి వదిలితే వాడు హాయిగా నిలబడిపోయేవాడు. వదుల్తారా? వాడు స్టేడియం దాకా బస్సు పక్కనే పరిగెత్తాడు. పైడిరాజు బస్సు తలుపులోంచి తొంగిచూసి, "టిక్కెట్టు తీసుకోకు, నువ్వు బస్సులో లేవు" అని తెలివి కూడా చెప్పాడు.

కోచ్ నెత్తి కొట్టుకున్నాడు. "ఆడేటప్పుడే పట్టుకోవాలిరా నాయనా!"

"ఆ ముక్క ముందే చెప్పాల గదా బాబూ" అన్నాడు బంగారయ్య, కోచ్‌ని చూసి జాలిపడుతూ.

రెండో పాఠం. "మధ్యగీత దాటి మన కోర్టులోకి వచ్చినవాణ్ణి తిరిగి పోనివ్వకూడదు" అన్నాడు భూషణరావు. మర్నాడు పొద్దున కోర్టు తుడిచే ముసలాయన చీపురుతో గీత దాటాడు. అంతే! ఒకడు కాలు, ఒకడు నడుము, ఇద్దరు రెక్కలు. ఆయన మొర్రోమంటుంటే కోచ్ వచ్చి విడిపించి, కాఫీ తాగించి, దండం పెట్టి పంపాడు. ఈ నలుగురికీ బుద్ధి చెప్పేలోగా తెల్లపంచె, సిల్కు చొక్కా వేసుకుని జోగారావు గారు, "ఏరీ నా కొత్త ఆటగాళ్ళు?" అంటూ గీత దాటి లోపలికొచ్చాడు.

ఇంకేముంది! చొక్కా ఒకవైపు, కళ్ళజోడు ఒకవైపు, జోగారావు గారు నేలమీద.

"ఒరే, వదలండ్రా! నేను జోగారావుని!" అని అరిచాడాయన.

"కబడ్డీ అనకండా జోగారావంటన్నాడు. కూత తప్పినాడు, అవుట్!" అన్నాడు బంగారయ్య.

లేచి పంచె దులుపుకుని, "మొదటి మ్యాచ్, భూషణం. గుర్తుంచుకో" అని మాత్రం అన్నాడు యజమాని. కోచ్ కింద పడ్డ కళ్ళజోడు ఏరి ఆయన చేతికిచ్చాడు. వేరే డిఫెండర్లని వెతికే టైము లేదు. సీజన్ నెత్తిమీదికి వచ్చింది.

"ఎర్ర బనియన్ వేసుకున్నవాణ్ణే పట్టుకోండి. ఇంకెవర్నీ ముట్టుకోకండి" అన్నాడు కోచ్ నలుగురితో. మొదటి మ్యాచ్ ఎర్ర బనియన్ల జట్టుతోనే మరి. ఆరోజు ఆట మొదలవకముందే అవతలి కెప్టెన్ నవ్వుతూ చెయ్యి కలపడానికి గీత దాటి వచ్చాడు. బనియన్ ఎర్రగా ఉంది. అతని నవ్వు నేలకి తగిలి పగిలింది. రిఫరీ మండిపడి ఎర్రజట్టుకి ఊరికే ఒక పాయింటు ఇచ్చాడు.

"ఈల ఊదాక పట్టుకోవాలిరా, ఈల ఊదాక!" అని ఏడవలేక అరిచాడు కోచ్.

"అలగే" అన్నాడు బంగారయ్య.

ఈసారి విచిత్రం జరిగింది. ఈల, ఎర్ర బనియన్, గీత. మూడూ ఒకచోట కలిస్తే పట్టుకోవాలని ఆ నాలుగు బుర్రలకీ కలిపి ఎక్కింది. వచ్చినవాడు వచ్చినట్టే దొరికిపోయాడు. జనం లేచి కేకలేశారు. గ్యాలరీలో జోగారావు గారు మొదటిసారి నవ్వాడు. భూషణరావు ఆశపడ్డాడు. ఇలాంటివాళ్ళని నమ్ముకుని ఆశపడ్డవాణ్ణి ఏమనాలో మీరే చెప్పండి.

చివరికొచ్చేసరికి స్కోరు సమానం. ఎర్రజట్టుకి ఒక్క రైడు, ఆ తరవాత గవరయ్యకి ఒక్క రైడు. అంతటితో ఆట అయిపోతుంది. కోచ్ విరామం అడిగి నలుగుర్నీ దగ్గరికి పిలిచాడు. ఆత్రంలో మనిషికి ఏం మాట్లాడుతున్నాడో తెలీలేదు.

"ఇంక మ్యాచ్ అయ్యేదాకా ఆ వైపు నుంచి గీత దాటి ఒక్క ప్రాణి ఇటు రాకూడదు. చేతులు కలిపి నిలబడండి. ఎవడేం చెప్పినా వినకండి. నేనే వచ్చి మీ కాళ్ళు పట్టుకున్నా సరే, చెయ్యి వదలొద్దు!"

"ఒకపాలి చెప్తే చాలు బాబూ" అన్నాడు బంగారయ్య.

ఎర్రజట్టు రైడర్ వచ్చి, గీత మీద ఈ కొస నుంచి ఆ కొస దాకా గోడలా నిలబడ్డ నలుగుర్నీ చూసి, లోపలికి దూరే దారిలేక వెనక్కి పోయాడు. తరవాత గవరయ్య దూకాడు. దూకాడంటే, వాళ్ళ చేతుల కిందనుంచి పాక్కుంటూ పోయాడన్నమాట. ఇద్దర్ని ముట్టుకున్నాడు. వెనక్కి తిరిగాడు. గీత దాటితే గెలుపే.

గీత మీద నలుగురున్నారు.

"ఆ వైపు నుంచే వస్తన్నాడురా" అన్నాడు చిట్టినాయుడు.

"ప్రాణే గదా?" అన్నాడు పైడిరాజు.

"ప్రాణే. ఆయాసపడతన్నాడు చూడు" అన్నాడు బంగారయ్య. అంతే, నలుగురూ రొమ్ములు విరుచుకుని అడ్డం నిలబడ్డారు.

తప్పుకోండిరా అందామంటే గవరయ్యకి నోరు ఖాళీ లేదు. కూత ఆపితే అవుట్. అందుకని తిట్టదలుచుకున్నవన్నీ కబడ్డీలోనే తిట్టాడు. "కబడ్డీ కబడ్డీ!" అని పళ్ళు కొరికాడు. "కబడ్డీ..." అని బతిమాలాడు. చేతుల కింద దూరబోతే నలుగురూ గొంతుక్కూచున్నారు.

"ఏటో మరి, ఏడుస్తా కూస్తన్నాడు" అన్నాడు సన్నాసయ్య జాలిగా.

వెనకనుంచి ఎర్ర బనియన్లు గవరయ్య మీద పడుతున్నాయి. కోచ్ ఇక ఆగలేకపోయాడు. రూలూ గీలూ మరిచిపోయి, విరిగిన మోకాలితో కుంటుకుంటూ కోర్టులోకి పరిగెత్తాడు. "చెయ్యి వదలండ్రా! మీకు పుణ్యముంటుంది, వాడు మనవాడు! నా బతుకు పోతుందిరా!" అంటూ దబ్బున పడి బంగారయ్య రెండు కాళ్ళూ పట్టుకున్నాడు.

బంగారయ్య కిందికి చూశాడు. కళ్ళు ఆనందంతో చెమ్మగిల్లాయి.

"చెయ్యి ఒగ్గకండిరా!" అని తమ్ముళ్ళకి కేకేశాడు. "కాళ్ళు పట్టుకుంటానని బాబు ముందే చెప్పినాడు!"