తాళం తప్పిన చుక్క

హరికథలు చెప్పే కూర్మదాసుగారు ఎవరేమడిగినా వెంటనే జవాబు చెప్పరు. ముందు ఓ గ్లాసు వేణ్ణీళ్ళు తెప్పించుకుంటారు. గుక్కగుక్కగా తాగి, గొంతు సవరించుకునే లోపల సగంమంది తమ ప్రశ్నని తామే వెనక్కి తీసేసుకుంటారు. మిగిలిన సగంమందికి ఓపిక ఎక్కువ, లేదా బుద్ధి తక్కువ. ఆయన పెద్దశిష్యుడు వరాహమూర్తి ఈ రెండింటిలో ఏ కోవలోవాడో అప్పటికింకా తేలలేదు.

ఆ ఏడు చలికాలంలో దాసుగారి బృందం అరకు వైపు కథలు చెప్పడానికి బయల్దేరింది. సినిమావాళ్ళకి కారవాన్లు అద్దెకిచ్చే అభిమాని ఒకాయన, తన పాత కారవాన్ ఒకటి వాడుకోమని ఇచ్చాడు. అందులో పడకలున్నాయి, స్నానాలగది ఉంది, బండి వెనకభాగంలో చిన్న వంటగది ఉంది. దాని పక్కనే గోడలో గ్యాసుతో నడిచే వేణ్ణీళ్ళ హీటరు. ప్రయాణం బాధ్యతంతా దాసుగారు వరాహమూర్తి చేతిలో పెట్టారు. తన తర్వాత బృందాన్ని నడిపేది అతనే గనక, ఎలా నడుపుతాడో చూద్దామని ఆయన ఉద్దేశం.

బండి ఎక్కాక అందరూ సంబరపడ్డారు, వంటమనిషి పైడమ్మ తప్ప. సంబరపడే అలవాటు ఆమెకి మొదట్నుంచీ లేదు. గరిటె పొట్టిదంది, కిటికీ ఇరుకంది, చివరికి హీటరు మీద పడింది.

"నీల్లు మరిగిపోతన్నాయి బాబూ, సెయ్యెట్టలేకపోతన్నాను. ఆ పెట్టెకేటో అయింది. ఎవులికైనా సూపించండి."

హీటరుకి బండి బయటివైపు చిన్న గొట్టం ఒకటుంది. దాంట్లోంచి నీళ్ళు టప్, టప్ మని కారుతున్నాయి. వరాహమూర్తికి పైడమ్మ మాట వినపడలేదు గానీ ఆ చుక్క మాత్రం బాగా వినపడింది. అతను కొత్త కథ సాధన చేస్తున్నాడు. ఆది తాళం వేస్తే చుక్క దెబ్బకి ముందు పడుతుంది, రూపకం వేస్తే వెనక పడుతుంది. పైగా పూటపూటకీ జోరు పెరుగుతోంది. పాట చెడిపోతుంటే మృదంగం వాయించే ఆయన నవ్వాడు. అది వరాహమూర్తికి ఎక్కడో కాలింది.

శృంగవరపుకోటలో బండి ఆగినప్పుడు ఇనపసామాను కొట్టుకి వెళ్ళి, ఆ గొట్టానికి సరిపోయే ఇత్తడి మూత కొన్నాడు. రెంచి పట్టుకుని శక్తికొద్దీ బిగించాడు. చుక్క ఆగిపోయింది. అదే ఊపులో పైడమ్మ వైపు తిరిగి, "ఇంకోసారి హీటరు మాటెత్తావంటే తిరుగు బస్సెక్కిస్తాను" అన్నాడు. పైడమ్మకి ఈ బృందం తప్ప వేరే గూడు లేదు. ఆ సంగతి అతనికి తెలుసు. తెలిసే అన్నాడు.

ఆమె నోరు మూసుకుంది. ఘాట్ రోడ్డు పొడుగునా బండిలో ప్రశాంతంగా ఉంది. చలిగా ఉందని హీటరు వెలుగుతూనే ఉంది.

అనంతగిరి దాటాక, కాఫీతోటల పక్కన కాసేపు ఆగారు. మగవాళ్ళంతా దిగారు. దాసుగారు కాస్త దూరంగా చాప మీద కూర్చున్నారు. వరాహమూర్తి వెళ్ళి ఎదురుగా కూర్చుని అడిగాడు.

"గురువుగారూ, పదిమందిని నడిపేవాడు సణిగే నోళ్ళని మూయించడమెలా? మంచిమాటతోనా, దండించా?"

దాసుగారు అలవాటు ప్రకారం వేణ్ణీళ్ళు అడిగారు. పైడమ్మ గ్లాసు తెచ్చింది. చీరచెంగు నాలుగు మడతలు పెట్టి పట్టుకుంది. గ్లాసు చాప పక్కన పెట్టి, ఒక్క మాటైనా అనకుండా వెనక్కి వెళ్ళిపోయింది. నీళ్ళు గ్లాసులో ఇంకా కుతకుతలాడుతున్నాయి.

"పొయ్యి మీద కాచిందా?" అన్నారు దాసుగారు.

"లేదండీ, కుళాయి నీళ్ళే."

"పైడమ్మ ఏమీ అనలేదేం?"

"అనొద్దన్నాను."

దాసుగారు బండివైపు చెవి పెట్టారు. "పొద్దున ఆ చుక్క పడుతుండేది. ఏదీ?"

"మూత బిగించేశానండీ" అన్నాడు వరాహమూర్తి. చెప్పేటప్పుడు అతని గొంతులో కాస్త గర్వం కూడా ఉంది.

దాసుగారు గ్లాసు వంక చూశారు, శిష్యుడి వంక చూశారు. "ఒరే, ఆవిరి పోయే దారి మూసి కింద మంట పెట్టావా!" అంటూ చటుక్కున లేచారు. డెబ్భై దాటిన మనిషి అంత వేగంగా లేవడం ఎవరూ చూడలేదు.

అప్పుడు విన్నాడు వరాహమూర్తి. బండి గోడలోంచి, రోలు దొర్లుతున్నట్టు, గుడగుడమని చప్పుడు వస్తోంది. హీటరు మీది రేకు ఉబ్బి ఉంది. ఆ గోడకి అవతల పైడమ్మ పప్పు వండుతోంది.

పరుగెత్తి వెళ్ళి గ్యాసు సిలిండరు కట్టేశాడు. "పైడమ్మా! దిగు! బయటికి రా!" అని అరిచాడు.

జవాబు లేదు.

"పైడమ్మా, నిన్నే!"

లోపల అగ్గిపుల్ల గీసిన చప్పుడు వినపడింది. గ్యాసు ఆగి పొయ్యి ఆరిపోతే మళ్ళీ వెలిగించుకుంటోంది గానీ ఆమె పలకడం లేదు. మాట్లాడొద్దన్న మనిషికి ఎందుకు పలకాలి? వరాహమూర్తికి భయం వేసింది, సిగ్గు వేసింది. రెండూ దిగమింగుకుని లోపలికి దూకాడు.

పైడమ్మ ఆరిపోయిన పొయ్యి వైపు వేలు చూపించింది, పెదవి మాత్రం విప్పలేదు. అతను ఆమె రెక్క పుచ్చుకుని, పప్పుగిన్నె దొర్లిపోతున్నా చూడకుండా, మెట్లమీదుగా ఈడ్చుకొచ్చాడు. వాళ్ళు చాప దగ్గరికి చేరారో లేదో, వంటగదిలో ఢామ్మని పేలింది. కుళాయి కిందున్న గొట్టం ఊడిపోయి, ఆవిరి కిటికీలోంచి తెల్లగా తన్నుకొచ్చింది. ఇంతసేపూ పైడమ్మ నిలబడ్డ చోటు అదే.

పైడమ్మ మోచేతి మీది గీరుడు చూసుకుంటూ నిలబడింది. వరాహమూర్తి ఆమె ముందు చేతులు కట్టుకుని, "తప్పయిపోయింది పైడమ్మా" అన్నాడు. ఆమె అతన్ని ఎగాదిగా చూసి, మొహం తిప్పుకుంది.

అరకు నుంచి మెకానిక్కు వచ్చేసరికి హీటరు చల్లారింది. వేడి చాలగానే మంట ఆపవలసిన మీట పాడైపోయిందని అతను చెప్పాడు. దాన్ని మార్చాడు, ఊడిన గొట్టం బిగించాడు, ఇత్తడి మూత ఊడదీసి వరాహమూర్తి చేతిలో పెట్టాడు. హీటరు వెలిగించి చూస్తే నీళ్ళు హితవుగా కాగాయి. బయటి గొట్టం నోరు తెరిచే ఉంది, చుక్క మాత్రం పడలేదు.

పైడమ్మ తుడవడానికి లోపలికి వెళ్ళింది. తక్కినవాళ్ళు బయటే తచ్చాడుతున్నారు. పేలిన బండి ఎక్కడానికి ఎవరికీ కాలు రావడం లేదు. వరాహమూర్తి మూతని గుప్పిట్లో బిగించి, గురువుగారి మొహంలోకి చూశాడు. ఇందాకటి ప్రశ్న మళ్ళీ అడగడానికి అతనికి నోరు రాలేదు.

అంతలో లోపల గిన్నెలు ఖంగుఖంగుమన్నాయి.

"పప్పంతా నేలపాలు సేసినారు! సెయ్యి ఇరిగిపోనాది! సెప్తే ఇనుకోరు, మల్లీ పెద్దమనుసులు!"

దాసుగారు చాప చుట్టి చంకన పెట్టుకున్నారు.

"పైడమ్మ సణుగుతోంది. ఇంక భయం లేదు, బండెక్కండి" అన్నారు.