ముందు నా బల్ల మీద

పెన్నా ఒడ్డునున్న ఆశ్రమంలో సుదేవుడనే శిష్యుడికి, ధ్యానంలో కూర్చున్నా వదలని చిక్కు ఒకటి వచ్చిపడింది.

ఆ ఆశ్రమానికి ఉచిత కంటి ఆసుపత్రి, బడి, మందుల కొట్టు, అచ్చుగది ఉన్నాయి. వాటన్నిటిలోని కంప్యూటర్ల బాగోగులు చూడటం సుదేవుడి సేవ. అవన్నీ దాతలు వాడి ఇచ్చినవి. ఏ రెండూ ఒక ఈడువి కావు. వాటికి ఎప్పటికప్పుడు అప్‌డేట్లు వస్తుంటాయి. వేయకపోతే వైరస్ చొరబడి రోగుల వివరాలన్నీ పోవచ్చు. వేస్తే ఏ ముసలి యంత్రం మొరాయిస్తుందో తెలియదు. ముందుగా వేసి చూసుకోవడానికి విడిగా ఒక కంప్యూటర్ కొనే స్తోమత ఆశ్రమానికి లేదు.

అందుచేత అతడొక పద్ధతి పెట్టుకున్నాడు. ఏ అప్‌డేట్ వచ్చినా ముందు ఆసుపత్రి గుమ్మంలో, పేర్లు రాసుకొని చీటీలిచ్చే కంప్యూటర్‌కు వేసేవాడు. అక్కడ బాగుంటే మిగతా గదులకు. గురువు పూర్ణబోధ స్వామి తన వేదాంత వ్యాఖ్యానం రాసుకునే కంప్యూటర్ జోలికి మాత్రం వెళ్లేవాడు కాదు. గురువు ఆసనం మీద శిష్యుడు కూర్చోకూడదన్న నియమం ఎంత సహజంగా అబ్బిందో, గురువు యంత్రాన్ని కదిలించకూడదన్న తలపూ అతడికి అంత సహజంగానే అబ్బింది.

కిందటి నెల అలా అప్‌డేట్ వేయగానే చీటీల కంప్యూటర్ మొరాయించింది. జనం మధ్యాహ్నం దాకా ఎండలో నిలబడ్డారు. దూరపు పల్లెల నుంచి వచ్చినవారు కొందరు, బస్సు తప్పిపోతుందని, కన్ను చూపించుకోకుండానే వెళ్లిపోయారు. ఇప్పుడు మళ్లీ పెద్ద అప్‌డేట్ వచ్చింది. ఆదివారం కంటి శిబిరం. ఈలోగా వేయక తప్పదని ఆసుపత్రి చూసుకునే డాక్టర్ రజియా హెచ్చరించింది.

సుదేవుడు స్వామి దగ్గరకు వెళ్లి ఇదంతా విన్నవించాడు. స్వామి, అప్‌డేట్‌ను ముందు ఎక్కడ వేస్తున్నావని అడిగారు. చెప్పాడు. అక్కడే ఎందుకని అడిగారు.

"వాళ్లకు నిలబడటం అలవాటే కదా స్వామీ."

ఆ మాటలో అతడికి ఏ దోషమూ వినిపించలేదు.

స్వామి రాస్తున్న వాక్యాన్ని సగంలో వదిలి లేచారు. తన కుర్చీని శిష్యుడి వైపు జరిపారు.

"ముందు దీనికి వెయ్యి."

"ఇందులో మీ వ్యాఖ్యానం ఉంది స్వామీ."

"నకలు తీసి దాచుకో. ఆపైన వెయ్యి."

సుదేవుడు కుర్చీని తాకకుండా, నిలబడే కీబోర్డు మీదికి వంగాడు. స్వామి నవ్వారు. "దానివల్ల నడుము పట్టేస్తుందే తప్ప పని త్వరగా కాదు. కూర్చో."

కూర్చున్నాడు, ముళ్ల మీద కూర్చున్నట్టు.

అప్‌డేట్ పూర్తయింది. వ్యాఖ్యానం తెరిచి చూస్తే ఒక్క తెలుగు అక్షరం లేదు. పుటల నిండా ఖాళీ గళ్లు. సుదేవుడి ముఖం పాలిపోయింది. స్వామి కళ్లజోడు సవరించుకొని, ఆ గళ్లను వరుసవారీగా, శ్రద్ధగా చూశారు.

"నిర్గుణాన్ని ఇంత స్పష్టంగా నేనెన్నడూ రాయలేదు" అన్నారు.

శిష్యుడికి నవ్వు ఆగలేదు. నవ్వుతూనే మళ్లీ కీబోర్డు అందుకున్నాడు.

పాత తెలుగు ఫాంటు కొత్త అప్‌డేట్‌కు సరిపడటం లేదని కనిపెట్టడానికి రెండు మూడు రోజులు పట్టింది. ఇదే చీటీల బల్ల దగ్గర జరిగి ఉంటే, వచ్చిన ప్రతి మనిషి పేరూ ఖాళీ గళ్లే అయ్యేది. సుదేవుడు ఫాంటు మార్చి, ముందు తాను పనికి వాడుకునే కంప్యూటర్‌కు వేసి చూసుకున్నాడు. తరువాత అచ్చుగదికి, బడికి, మందుల కొట్టుకు. చీటీల కంప్యూటర్‌కు అన్నిటికన్నా ఆఖరున, శనివారం ఆసుపత్రి మూశాక వేశాడు.

ఆదివారం గుమ్మం దగ్గర వరుస ఎక్కడా నిలవలేదు. పేరు చెప్పినవారు చెప్పినట్టే చీటీ పుచ్చుకొని లోపలికి నడిచారు. సుదేవుడు వసారాలో ఉన్న స్వామి పక్కకు వచ్చి నిలబడ్డాడు. అతడికి సంతోషంగానే ఉంది. కాని ఒక్క వెలితి. అచ్చుకు వెళ్లవలసిన వ్యాఖ్యానం తన వల్ల ఇన్నాళ్లు ఆగిపోయిందని, ఎందరో దానికోసం ఎదురుచూస్తున్నారని అన్నాడు.

స్వామి వరుస వైపే చూస్తున్నారు.

"ఆగనీ నాయనా. మనం ఇక్కడికి ఆగడం నేర్చుకోవడానికి వచ్చాం. వాళ్లు కళ్లు చూపించుకోవడానికి వచ్చారు."