కొండ మీది నీళ్లు, వంటింటి కుళాయి

చిదంబరయ్యగారికి ఒక అలవాటు ఉండేది. ఎవరైనా ప్రశ్న పట్టుకుని వస్తే, విన్నట్టు తల ఊపి, ఏదో ఒక పని పురమాయించేవారు. సందేహం తీర్చుకుందామని వచ్చి చింతపండులో పిక్కలు తీసి వెళ్లినవాళ్లు ఆయన ఆశ్రమంలో చాలామందే ఉన్నారు.

ఒక వానాకాలంలో ఆయన శిష్యుడు కామేశం వచ్చాడు. మండలాఫీసులో గుమాస్తా. అతని భార్య ఏనాడో పొంగిన వాగు దాటబోయి కొట్టుకుపోయింది. కూతురు సుజనను తల్లీ తండ్రీ తానే అయి పెంచాడు. ఇప్పుడు ఆ పిల్ల నర్సు చదువు ముగించి, మన్యంలో వాగుల అవతల ఉన్న ఆసుపత్రిలో ఉద్యోగం తెచ్చుకుంది. ఆదివారం ఆశ్రమానికి వచ్చి, తండ్రికి చెప్పి, అటునుంచటే బస్సెక్కాలి.

"వెళ్లొద్దని ఒక్క మాట అనలేదండీ," అన్నాడు కామేశం. "ఆ ఊరి పేరెత్తితే నోరు కుట్టేసుకుని కూర్చుంటున్నాను. అయినా నా దగ్గర్నుంచి ఏడుస్తూ లేచి వెళ్తోంది. మనసును ఇంకెంత అణుచుకోమంటారు?"

చిదంబరయ్యగారు తల ఊపి, వంటింటి కుళాయి కాస్త చూడమన్నారు.

ఆ కుళాయి బాధ అందరికీ తెలిసిందే. ఎవరో భక్తులు పుణ్యానికి నీళ్ల ట్యాంకు కట్టిస్తూ దాన్ని కొండ నెత్తిన పెట్టించారు. ఎంత ఎత్తున పెడితే అంత పుణ్యం అనుకున్నారో ఏమో. ఆశ్రమం కొండ కింద. కుళాయి తిప్పితే నీళ్లు రావడం కాదు, మీద పడేవి. కడగబోయిన బియ్యం గోడకు అతుక్కునేవి. వంట చేసే పార్వతీశమ్మకు రోజూ రెండో స్నానం అక్కడే అయ్యేది.

కామేశం మన ఇళ్లలో అందరూ చేసే పనే చేశాడు. పాత పంచె చింపి, మడతలు పెట్టి, కుళాయి మూతికి బిగించి కట్టాడు. నీళ్లు గుడ్డలోంచి బుద్ధిగా జారాయి. పార్వతీశమ్మ అతన్ని చల్లగా ఉండమని దీవించింది.

మర్నాడు మధ్యాహ్నం, కుళాయిలన్నీ కట్టేసి అందరూ కునుకు తీస్తున్న వేళ, సామాన్ల గది గోడలో గొట్టం అతుకు ఊడింది. పప్పు బస్తాలు నానిపోయాయి. కామేశం నీళ్లు ఎత్తిపోస్తూ, గుడ్డ గట్టిగానే కట్టానే అని వాపోయాడు.

"గుడ్డ మూతికి కట్టావు. బరువు కొండ మీద ఉంది," అన్నారు చిదంబరయ్యగారు, తానూ పంచె ఎగ్గట్టి పక్కనే నీళ్లు తోడుతూ.

తర్వాత ఆయన మేస్త్రీని పిలిపించి, అతుకు వేయించి, కొండ సగంలో సిమెంటు తొట్టి ఒకటి పెట్టించారు. పైనుంచి వచ్చే నీళ్లు ముందు ఆ తొట్టిలో పడాలి. ఆ ఊపు అక్కడే తీరిపోతుంది. అక్కణ్ణుంచి కిందికి దిగేది మిగిలిన సగం కొండ బరువుతోనే. తొట్టికి మూత బిగించకుండా గాలి ఆడేలా ఉంచమని మేస్త్రీకి మరీ మరీ చెప్పారు.

ఆదివారం సుజన వచ్చింది. తండ్రి బిగుసుకున్న ముఖం చూసి కళ్లు దించుకుంది. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారే గానీ మాట లేదు. చిదంబరయ్యగారు కాసేపు చూసి, తొట్టి నిండుతోందో లేదో చూసి రండని ఇద్దర్నీ కొండెక్కించారు.

పైనీళ్లు తొట్టిలో ధడధడ పడుతున్నాయి. పడిన చోటంతా నురగ. ఇవతలి అంచున మాత్రం నీళ్లు కదలకుండా ఉన్నాయి. కామేశం వాటినే చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు.

"నాకు భయంగా ఉందమ్మా," అన్నాడు చివరికి. "ఆ వాగులంటే భయం. మీ అమ్మ పోయినప్పటి నుంచీ."

సుజన తొట్టి పక్కనే కూలబడింది. "నా మీద కోపం అనుకున్నాను నాన్నా," అంది. కళ్లు తుడుచుకుని, మెల్లగా, "నాకూ భయమే. నువ్వు మాట్లాడకపోతే నేనెవరితో చెప్పుకోను?" అంది.

కామేశం పక్కన కూర్చుని కూతురి తల నిమిరాడు. అప్పుడు కూడా వెళ్లొద్దని అనలేదు. వాగు పొంగితే తొందరపడి దాటొద్దనీ, ఆ పూటకి ఇవతలే ఆగిపొమ్మనీ చెప్పాడు. ఆగుతానని ఆమె మాటిచ్చింది. ఇన్నేళ్లలో ఆ ఇంట్లో ఎవరూ ఎత్తని తల్లి ముచ్చట్లు ఆ కొండ మీద ఎత్తుకున్నారు. ఏడుపు మధ్యలో ఒకసారి నవ్వు కూడా వచ్చింది.

కిందికి దిగేసరికి ఇద్దరి కళ్లూ ఎర్రగా ఉన్నాయి. కామేశం గురువుగారికి దణ్ణం పెట్టి, మనసును అణుచుకోవడం గురించి ఆ రోజు తానడిగిన ప్రశ్న అని ఏదో మొదలుపెట్టాడు.

"నీళ్లు నెమ్మదిగానే దిగుతున్నాయి కదా," అన్నారు చిదంబరయ్యగారు. "అమ్మాయికి అన్నం పెట్టు. బస్సుకి వేళవుతోంది."