లోయ దాటిన బిళ్ళ

మీ తాతల తాతలకు ఇంకా పాలపళ్ళు ఊడని రోజుల్లో మణికేతుడనే రాజు ఉండేవాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు గొప్ప విలుకాడు. నడిపివాడు ఈటె విసిరితే తిరుగులేదు. చిన్నవాడు కుందనుడికి బిళ్ళంగోడు తప్ప మరో విద్య రాదు. ఆ ఆటలోనూ అన్నలకు వాడు అరటిపండే. బిళ్ళ ఎక్కడ పడితే అక్కడికి పరిగెత్తి తేవడమే వాడి పని.

కుందనుడికి పక్క రాజ్యపు హేమలేఖతో పెళ్ళి కుదిరింది. తీరా ముహూర్తం వేళకి ధూమకంఠుడనే మాంత్రికుడు పెళ్ళికూతుర్ని ఎత్తుకుపోయాడు. ఏడు సముద్రాల అవతల వాడి కొండ. కొండ పక్కన మంటల లోయ. లోయ అవతల చెట్టుకు పంజరం, పంజరంలో చిలుక, చిలుకలో వాడి ప్రాణం.

పెద్దన్న వెళ్ళి బాణం వేశాడు, రాయైపోయాడు. నడిపన్న వెళ్ళి ఈటె విసిరాడు, రాయైపోయాడు. ఇనుమున్నదాన్నీ, చేత్తో విసిరినదాన్నీ ఆ లోయ దాటనివ్వకుండా మంత్రం వేసి ఉంది మరి.

ఇక కుందనుడు బయల్దేరాడు. ఒక తాబేలు వాణ్ణి వీపున ఎక్కించుకుంది. అల వచ్చి డిప్ప అంచుకు తగిలితే చాలు, తాబేలు ఉన్నచోటే గిర్రున తిరిగేది.

"తాతా, కళ్ళు తిరుగుతున్నాయి!"

"అంచుకు తగిలితే తిరుగుతాను, నడుముకు తగిలితే ముందుకు పోతాను. అలకి చెప్పు నాయనా, నాకు కాదు" అంది తాబేలు.

అలా తిరుగుతూ, పోతూ కొండ చేరారు. రాతి అరుగు మీద హేమలేఖ కూర్చుని ఉంది.

"ఇంత ఆలస్యమా? పెళ్ళిభోజనం చల్లారిపోయి ఉంటుంది" అంది.

ధూమకంఠుడు వచ్చాడు. "ఏరా బుడ్డోడా, నీ ఆయుధమేది?"

కుందనుడు మూరెడు గోడునూ, రెండు కొనలూ చెక్కిన బెత్తెడు బిళ్ళనూ చూపించాడు. మాంత్రికుడు పగలబడి నవ్వాడు. పాపం, చిన్నప్పుడు వాణ్ణెవరూ ఆటకి పిలవలేదు.

"పుల్లతో పుల్లని కొడతావా? మూడుసార్లు కొట్టుకో. తప్పిన కొద్దీ రాయవుతావు!"

కుందనుడు నేల మీది బిళ్ళ నడుము మీద బలంగా కొట్టాడు. బిళ్ళ లేవలేదు, మట్టిలో దిగబడింది. వాడి కాళ్ళు మోకాళ్ళదాకా రాయయ్యాయి.

రెండోసారి కొన మీద కొట్టాడు. బిళ్ళ గిరగిరా తిరుగుతూ లేచింది. కంగారులో మళ్ళీ కొనకే తగిలించాడు. దెబ్బ బలమంతా తిరగడానికే సరిపోయింది. బిళ్ళ బొంగరంలా తిరిగి లోయ అంచునే పడింది. వాడు నడుందాకా రాయయ్యాడు.

తాబేలు పాక్కుంటూ వెళ్ళి బిళ్ళను నోట కరచుకు తెచ్చింది. "నాయనా, నేనెప్పుడు ముందుకు పోయాను?"

హేమలేఖ నవ్వలేదు. "కుందనా, తొందరపడకు" అంది.

కుందనుడు వంగి కొన మీద సుతారంగా కొట్టాడు. బిళ్ళ తిరుగుతూ లేచింది. వాడు కొట్టలేదు. ఇంకా లేచింది. ఇంకా కొట్టలేదు. గుండెల ఎత్తుకొచ్చి అడ్డంగా తిరిగిన క్షణాన, సరిగ్గా దాని నడుం మీద, ఒంట్లో మిగిలిన బలమంతా పెట్టి కొట్టాడు.

టాప్!

బిళ్ళలో ఇనుము లేదు, దాన్ని చెయ్యి విసరలేదు. మంత్రానికి ఏం చేయాలో తోచలేదు. బిళ్ళ లోయ దాటి పంజరం గడియను విరగ్గొట్టింది. చిలుక బయటికొచ్చి, ఒళ్ళు విరుచుకుని, తుర్రుమంది.

ప్రాణం ఎగిరిపోతుంటే కొండకి కాపలా ఎవడుంటాడు? "చిలకమ్మా, ఆగవే తల్లీ!" అంటూ ధూమకంఠుడు దాని వెనకాలే పరిగెత్తాడు. వాడు కొండ దిగగానే మంత్రం విడిపోయింది. అన్నలిద్దరూ ఆవలిస్తూ లేచారు. కుందనుడి కాళ్ళు కదిలాయి.

పెళ్ళి ఘనంగా జరిగింది. తాబేలుకి ముందు వరసలో పీట వేశారు. కుందనుడు చాలాకాలం చల్లగా రాజ్యమేలాడు. సాయంత్రం ఆటలో రాజుగారి బిళ్ళను అన్నలు పరిగెత్తి తెచ్చేవారు. రాణిగారి బిళ్ళను మాత్రం రాజుగారే తెచ్చేవాడు. అది మరీ దూరం పోయేది.

ధూమకంఠుడా? జామపండు చేత్తో పట్టుకుని ఇంకా చిలుకను బతిమాలుతూనే ఉన్నాడు.