రాజుగారి పొడుగు లోటా

ఒకానొక రాజ్యం అంటే ఎక్కడో దూరాన ఉందనుకునేరు. మా ఏరు దాటితే అదే. దాన్ని ఉద్భటవర్మ అనే రాజు ఏలేవాడు. మనిషి మంచివాడే. తనకు తెలియనిది లోకంలో లేదన్న నమ్మకం తప్ప ఒంట్లో వేరే జబ్బు లేదు.

ఆయన కొలువులో హోదాను బట్టి లోటా. అందరికంటే పొడుగైనది రాజుగారిది, బంగారంతో, చెరుకుగడలా సన్నగా ఉండేది. ఆస్థాన పండితుడు గణితకంఠీరవ శాస్త్రిగారిది అందులో సగం ఎత్తు. అలా దిగుతూ వచ్చి, గుమ్మం దగ్గరి భటులకు పళ్ళేలంత వెడల్పు గిన్నెలు. ఎండాకాలం సభలో అందరికీ మజ్జిగ పోసేవారు. రాజుగారికి మాత్రం దాహం తీరేది కాదు. భటులకేమో పొట్టలు పెరిగాయి. ఎందుకో ఎవరికీ అంతుబట్టలేదు. రాజుగారిది పిత్తమని వైద్యుడు తేల్చేశాడు.

ఓనాడు శాస్త్రిగారు అచ్చమ్మ పంతులమ్మ బడికి తనిఖీకి వెళ్ళారు. అక్కడ పసిపిల్లలు ఎక్కాలు వల్లించడం లేదు. చింతగింజలు కుప్పలు పోస్తున్నారు. కొబ్బరిచిప్పలతో నీళ్ళు కొలిచి ఆనపబుర్రల్లో నింపుతున్నారు. చిప్పెడు నీళ్ళు శాస్త్రిగారి పట్టుపంచె మీద పడ్డాయి. గణితానికి జరుగుతున్న అవమానం ఆయనకు సరిగ్గా అప్పుడే కనిపించింది.

శాస్త్రిగారు ఫిర్యాదు చేయగా, మర్నాడే రాజుగారి శాసనం వచ్చింది: "లెక్క నోటితోనే చెయ్యాలి. వస్తువులు ముట్టుకుని ఎవరు లెక్క చేసినా, చేసిన చోటికి తాళం."

అచ్చమ్మ ఆస్థానంలో చమత్కారిగా పేరున్న పోలన్న ఇంటికి పరుగెత్తింది.

"అన్నా, బడి మూసేస్తారట. పిల్లలకి లెక్కంటే భయం ఇప్పుడిప్పుడే పోతోంది."

"రేపు పిల్లల్ని తీసుకుని సభకు రా తల్లీ. చిప్పలూ బుర్రలూ మొయ్యకు. సామానంతా అక్కడే ఉంది."

మర్నాడు సభలో పోలన్న చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ప్రభూ, బడి మూయించే ముందు నా సందేహం ఒకటి తీర్చండి. మజ్జిగ తమ లోటాలో ఎక్కువ పడుతుందా, ఆ భటుడి గిన్నెలోనా?"

"వెర్రివాడా! నా లోటా మోచేతిదాకా ఉంది. ఆ గిన్నె జానెడు కూడా లేదు."

"ఎత్తు హెచ్చితే పరిమాణం హెచ్చును," అన్నారు శాస్త్రిగారు కళ్ళు మూసుకుని.

"గిన్నెలోనే ఎక్కువ!" అని పిల్లలంతా ఒక్కసారి అరిచారు. అచ్చమ్మ ఎన్ని నోళ్ళని మూస్తుంది?

రాజుగారికి రోషం వచ్చింది. ఖాళీ గిన్నె తెప్పించి, లోటాడు మజ్జిగా తన చేత్తోనే అందులో పోశారు. అది అడుగున పల్చగా పరుచుకుని ఊరుకుంది.

"మిగతా మజ్జిగ ఏది?"

సభికులు తివాచీ ఎత్తి చూశారు. లోటాలోకి తొంగిచూశారు.

"ఈ గిన్నె తాగేస్తోంది! బంధించండి దీన్ని!"

భటులు తాడు తెచ్చారు గాని, గిన్నెకు ఎక్కడ కట్టాలో తెలియక ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

ఈసారి రాజుగారు నిండు గిన్నె ఎత్తి లోటాలో వంచారు. లోటా పొర్లింది, ఉత్తరీయం తడిసింది, గిన్నెలో ఇంకా చాలా మిగిలింది. దాన్ని శాస్త్రిగారి లోటాలో పోశారు. అదీ నిండింది. రెండు లోటాలూ ఖాళీ చేయించి మళ్ళీ పోశారు. శాస్త్రిగారు ముందు "సూత్రానికిది మినహాయింపు" అన్నారు, తర్వాత "మాయ" అన్నారు, ఆ తర్వాత కళ్ళు తెరిచారు.

"అంటే... ఇన్నాళ్ళూ గుమ్మం దగ్గరివాడు నాకంటే ఎక్కువ తాగాడా?"

"అవును రాజుగారూ!" అన్నారు పిల్లలు.

భటులు పొట్టలు లోపలికి పీల్చుకున్నారు.

పోలన్న వినయంగా వంగాడు. "ప్రభూ, తాళం తెప్పించమంటారా?"

"బడికేగా?"

"కాదు ప్రభూ, ఈ సభకు. వస్తువు ముట్టుకుని ఎవరు లెక్క చేసినా, చేసిన చోటికి తాళమని తమ శాసనం. తమ చేతులింకా తడిగానే ఉన్నాయి."

రాజుగారు చేతుల వంక చూసుకున్నారు. మజ్జిగ కారుతోంది. ఆయన ముందు మీసాల్లో నవ్వి, తర్వాత సింహాసనం కదిలేలా నవ్వారు. నవ్వాలో వద్దో తెలియక అప్పటిదాకా తికమకపడ్డ వాళ్ళంతా హమ్మయ్య అని నవ్వారు.

"శాసనం రద్దు! అచ్చమ్మా, నీ బడి నువ్వు నడుపుకో. పోలన్నా, ఇదిగో నా బంగారు లోటా, నీకే!"

"మహాప్రసాదం ప్రభూ. మజ్జిగ మాత్రం గిన్నెలో పోయించండి."

శాస్త్రిగారు ఇప్పటికీ రోజూ అచ్చమ్మ బడిలో కొబ్బరిచిప్ప పట్టుకుని కూర్చుంటున్నారు. అడిగితే తనిఖీ అంటున్నారు.