రేవులో గొలుసు

ఎంత పెద్ద ప్రశ్న అడిగినా సోమలింగం మాస్టారు వాదానికి దిగేవారు కాదు; తన చిన్ననాటి లంక ఊరికి వెళ్లిపోయేవారు. ఆయన దగ్గర తర్కం చదువుకున్న మాకందరికీ ఆ రేవు, ఆ ఇసుక మేం పుట్టిపెరిగిన చోటులాగే గుర్తు.

ఒకనాడు, పత్రికలో పనిచేసే హైమావతి అడిగింది. "గొడవలవుతున్నాయని మా జిల్లాలో ప్రభుత్వం ఇంటర్నెట్ ఆపేసింది మాస్టారూ. పుకార్లు ఆగాయి, నిజమే. నా వార్తలూ ఆగాయి. ఇది న్యాయమేనా?"

మాస్టారు కళ్లజోడు తీసి పక్కన పెట్టారు.

"మా ఊరికి ఒక్కటే పడవమ్మా. అవతలి గట్టున ఎవరికి పెళ్లి కుదిరింది, ఎవరింట పసిబిడ్డ పుట్టింది, అన్నీ అదే మోసుకొచ్చేది. సాయంత్రం అది ఒడ్డుకి తగిలితే చాలు, ఊరంతా రేవుకి నడిచేది. ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

"ఓ వరదకాలంలో, సన్యాసమ్మ కొడుకు సూరన్నని అవతలి ఊరివాళ్లు కొట్టి చంపేశారన్న కబురు కూడా ఆ పడవలోనే దిగింది. మగవాళ్లు కర్రలు పట్టుకుని రేవుకి పరిగెత్తారు. మునసబు భద్రయ్య గారు వాళ్లకంటే ముందే చేరి, పడవకి గొలుసు వేసి తాళం బిగించారు. 'నన్ను చంపి వెళ్లండిరా!' అని అడ్డంగా నిలబడ్డారు. వాళ్లు తిట్టుకుంటూ వెనక్కి తిరిగారు. ఆ రోజు గోదావరిలో నెత్తురు కలవలేదంటే అది ఆయన చలవే.

"కర్రలు మళ్లీ అటకెక్కాయి. పడవ మాత్రం కదల్లేదు. 'ఇంకొన్నాళ్లు పోనివ్వండి' అనేవారు ఆయన.

"సూరన్న చావలేదమ్మా. తలకి దెబ్బ తగిలి పడిపోతే, ఆ ఊరివాళ్లే ఇంట్లో పెట్టుకుని కట్టు కట్టారు. లేవగలిగాక గట్టు మీదికొచ్చి కేకలు వేసేవాడట. అంత వెడల్పు నదిలో, ఆ వరద హోరులో, ఎవరికి వినపడుతుంది? ఇవతల సన్యాసమ్మ, కొడుకు పోయాడని మెతుకు ముట్టలేదు. చివరికి గొలుసు విప్పాక, అవతలివాళ్లే సూరన్నని చెరోపక్కా పట్టుకుని మా రేవులో దింపారు. మేం వాణ్ని ఇంటికి తీసుకెళ్లలేకపోయాం. నేరుగా శ్మశానానికే నడిపించాం. తల్లి చితి ఇంకా వేడిగానే ఉంది."

హైమావతి మెల్లగా అడిగింది. "అయితే మునసబు గారు చేసింది తప్పా, మాస్టారూ?"

"గొలుసు వేసినందుకు ఊరంతా ఆయనకి దండం పెట్టిందమ్మా," అన్నారు మాస్టారు. "ఎప్పుడు విప్పుతారని అడగడమే ఎవరికీ తోచలేదు."