కొండ దాచుకున్న వాన

అనగనగా ఒక ఎర్రమట్టి కొండ ఉండేది, పిల్లలూ. ఒకప్పుడు దాని నిండా చెట్లే. ఒక వేసవిలో కార్చిచ్చు రేగి అన్నిటినీ కాల్చేసింది. చెట్లు పోయాక వాన నీళ్ళు కొండ మీద నిలవలేదు. మట్టిని కోసుకుంటూ ఎర్రగా కిందికి పోయేవి. రెండేళ్ళకు కొండ కింద రాతి సందులో ఉన్న ఊట కూడా ఎండిపోయింది.

చాలా జంతువులు వేరే అడవికి వెళ్ళిపోయాయి. ముగ్గురు మాత్రం మిగిలారు. కోరయ్య అనే అడవిపంది, ముళ్ళమ్మ అనే ముసలి ముళ్ళపంది, చుక్కి అనే దుప్పి. ముళ్ళమ్మకు అంత దూరం నడిచే వయసు కాదు. చుక్కికి పాలు తాగే పిల్ల ఉంది. కోరయ్యకేమో పుట్టిన కొండను వదలాలనిపించలేదు. కొండ పక్కన బురదమడుగులో కాసిన్ని నీళ్ళున్నాయి. అవి వేసవి చివరిదాకా రావని ముగ్గురికీ తెలుసు.

ఒకరోజు వాన వెలిశాక ముళ్ళమ్మ ఒక సంగతి గమనించింది. దుంపల కోసం కోరయ్య తవ్విన గుంటలో నీళ్ళు నిలిచి ఉన్నాయి. కొండంతా ఇలాంటి గుంటలు తవ్వితే ఎలా ఉంటుందని మిగతా ఇద్దరినీ అడిగింది.

అదెంత పని, నేనొక్కడినే చేస్తానన్నాడు కోరయ్య. నాలుగు రోజుల్లో పైనుంచి కిందిదాకా ఒకే వరసలో గుంటలు తవ్వేశాడు. మళ్ళీ వాన వచ్చింది. పై గుంట తెగి కింది గుంటలో పడింది. అదీ తెగింది. చివరికి అన్నీ కలిసి పెద్ద వాగై, ముళ్ళమ్మ బొరియ నిండా బురద నింపి పోయాయి.

కోరయ్య తల ఎత్తలేకపోయాడు. ముళ్ళమ్మ ఒంటి బురద దులుపుకుంది.

"నీ బలానికి లోటు లేదు నాయనా," అంది. "నీళ్ళ దారి నాకు కాస్త తెలుసు. ఈసారి కలిసి తవ్వుదాం."

ముళ్ళమ్మ వాలుకు అడ్డంగా నడుస్తూ తన ముళ్ళతో నేల మీద గీత గీసింది. ఆ గీత వెంట కోరయ్య గుంటలు తవ్వి, మట్టిని దిగువ వైపు పోశాడు. చుక్కి ఆ మట్టిని గిట్టలతో తొక్కి గట్టు కట్టింది. అలా నెల రోజులు చేశారు.

అప్పుడు పెద్దవాన కురిసింది. ముగ్గురూ బండ కింద నిలబడి చూశారు. ఒక్కో గుంటా నిండింది. ఎర్రనీళ్ళు చుక్కయినా కిందికి రాలేదు. వాన ఆగేసరికి కొండ మీద వందల గుంటలు, ప్రతి గుంటలోనూ ఆకాశం.

కానీ వారం తిరక్కుండానే గుంటలన్నీ ఖాళీ అయ్యాయి. ఇంత కష్టపడితే నీళ్ళు ఏమయ్యాయని కోరయ్య కోపంగా అడిగాడు. కొండ తాగేసిందని, ఎప్పుడు తిరిగి ఇస్తుందో తనకూ తెలియదని ముళ్ళమ్మ చెప్పింది.

గుంటల చుట్టూ మాత్రం లేతగడ్డి మొలిచింది. ఉన్న గడ్డి తినేసి వేరే అడవికి పోదామన్నాడు కోరయ్య. అందరూ ఆకలితోనే ఉన్నారు. చుక్కికి పాలు తగ్గిపోతున్నాయి. పిల్ల గడ్డి మీదికి మూతి వంచింది. చుక్కి దాన్ని మెల్లగా పక్కకు నెట్టింది.

"ఈ వేళ్ళు పట్టుకుంటేనే గట్లు నిలుస్తాయి, అన్నా," అంది. "ఈ ఏడాది నేను దీన్ని ముట్టను. అవతలి గుట్ట మీద ఎండుగడ్డి మేసి వస్తాను. అందాకా బిడ్డను ముళ్ళమ్మత్త చూస్తుంది."

కోరయ్య ఆమె పక్కటెముకల వైపు చూశాడు. మళ్ళీ వెళ్ళే మాట ఎత్తలేదు. వానాకాలమంతా తెగిన గట్లు కట్టుకుంటూ తిరిగాడు.

వేసవి వచ్చింది. మడుగు ఎండి నెర్రెలు విచ్చింది. రెండు రోజులు ఎవరికీ గొంతు తడవలేదు. మూడో రోజు పొద్దున ముళ్ళమ్మ అందరినీ కొండ కిందికి పిలిచింది.

రాతి సందు తడిగా ఉంది. వాళ్ళు చూస్తుండగానే ఒక చుక్క ఊరి, బరువెక్కి, రాలింది. ఇంకోటి రాలింది. తర్వాత గడ్డిపరకంత ధార సాగింది. ఆకాశంలో మబ్బు తునకైనా లేదు. ఎన్నో నెలల కిందట కురిసిన వాన ఇప్పుడు రాతిలోంచి చల్లగా, తేటగా వస్తోంది. కోరయ్య బండకు చెవి ఆనించాడు. లోపల ఎక్కడో నీళ్ళు నడుస్తున్న చప్పుడు వినిపించింది. పక్కకు జరిగి, ముందు పిల్లను రమ్మన్నాడు.

బురదనీళ్ళు తప్ప ఎరగని ఆ పిల్ల, కదిలే ధారను చూసి వెనక్కి తగ్గింది.

"అమ్మా, దీనికి ప్రాణముందా?" అని అడిగింది.

"ఉంది," అంది చుక్కి. "తాగు."

నీతి: ఇరుగుపొరుగు తలా ఒక చెయ్యి వేసి, ఈనాటి ఆకలిని కాస్త ఓర్చుకుంటే, నేల అందరికీ రేపటి నీళ్ళు దాచిపెడుతుంది.